పధ్నాలుగు డ్రైవర్లు

మార్చి 3, సోమవారం

నిన్న మీరు రిపేరు షాపు ముప్ఫైనాలుగుతో అన్న మాట తప్పు. నాకు కంప్యూటర్ అంటే భయం లేదు. అనుమానం ఉంది. భయానికి కారణం అక్కర్లేదు, అనుమానానికి కావాలి. నా దగ్గర పదమూడున్నాయి.

ఈ మాట మీ ఎదురుగానే చెప్పొచ్చు. చెబితే మీరు జవాబివ్వాలి. ఎడమ చేతి బొటనవేలు బటన్ మీద పెట్టుకుని, తెర మీద వెలుగు కావలసిన అక్షరం దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, నొక్కి, మళ్లీ కాచుకుని, ఒక వాక్యం కూర్చేసరికి ఏడు నిమిషాలు. గడియారం పెట్టి చూశాను. పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్లలో మీరు నేర్చుకున్నది ఏడు నిమిషాల్లో మాట్లాడటం. నేను నేర్చుకోనిది ఏడు నిమిషాలు ఊరుకోవడం. అందుకే పుస్తకంలో రాస్తున్నాను. మీరు పేజీ తిప్పలేరు కనుక నిశ్చింత. తిప్పగలిగితే రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

కోర్టులో ముప్ఫై రెండేళ్లు స్టెనోగా నిమిషానికి నూట ఇరవై మాటలు రాసిన మనిషికి ఇప్పుడు ఏడు నిమిషాలకొక వాక్యం. పైవాడికి లెక్కలు రావని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

మీ మాట పలికే కంప్యూటర్‌కి పదమూడేళ్లు. వారం రోజులుగా దాని గొంతు చెడింది. ‘నాకు మంచినీళ్లు కావాలి’ అని మీరు కూరిస్తే ‘నా నా నా కు మం’ అని నత్తి కొట్టి, కరకరలాడి, ఆగిపోతోంది. తెర మూల ఎర్ర చుక్కలో అంకె: 13. పదమూడు డ్రైవర్లు పాతబడ్డాయి, అప్‌డేట్ చేయమంటారా అని. డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదని నాకు తెలుసు. కంప్యూటర్‌కీ, దానికి తగిలించిన ప్రతి వస్తువుకీ మధ్య ఒక దుబాసీ. స్పీకర్‌కి ఒకడు, తెరకి ఒకడు, మీ బటన్‌కి ఒకడు. దుబాసీలు ముసలివాళ్లైతే మార్చాలా, వద్దా? ఇదీ ప్రశ్న. ఇందుకోసమే నిన్న రిపేరు షాపాయన్ని పిలిపించాను.

ఆయనకి బట్టతల, ఇద్దరు పిల్లలు, ఊళ్లో మంచి పేరు. నాకు మాత్రం ముప్ఫైనాలుగే. ఇరవై ఆరేళ్ల కింద నా ఫిజిక్స్ ల్యాబులో, ప్రాక్టికల్ పరీక్షలో, లోలకం తాడు పొడవూ దాని చివర గుండూ ఒకేసారి మార్చేసి, దేనివల్ల ఏం తేడా వచ్చిందో చెప్పలేక గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై అయిదు వస్తే పాసు. ముప్ఫైనాలుగు వేశాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇది తెలియనివాడికి ల్యాబు తాళం ఇవ్వకూడదు.

“చెయ్యమంటావా, వద్దంటావా?” అన్నాను.

“చేస్తే మంచిదే మేడమ్. చెయ్యకపోయినా పర్లేదు.”

“ఇది జవాబా, జాతకమా?”

“పాత మిషన్ కదా మేడమ్. ముసలాళ్లకి ఆపరేషన్ లాంటిది. చేస్తే ఏమవుతుందో…” అని, మనిద్దరి మొహాలూ చూసి, నాలుక కరుచుకున్నాడు.

చివరికి తేల్చింది ఇది: మరీ ఇబ్బందైతే సౌండ్‌ది ఒక్కటి చెయ్యాలి. ఒక్కటే. తక్కినవి ముట్టుకోకూడదు. చేసేముందు రెస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. అంటే యంత్రం ఇవాళ ఎలా ఉందో దాచుకునే ఆనవాలు. తర్వాత ఏదైనా చెడితే ఆ రోజుకి వెనక్కి పోవచ్చట. ఎలా పెట్టాలో చూపించాడు. మూడేళ్ల కింద, మీరు పళ్లు తోముకుంటూ సింకు పట్టుకుని కిందికి జారిన ఉదయానికి ముందు రోజు ఎవరైనా ఇలాంటిది పెట్టి ఉంటే. సరే, పోనివ్వండి.

అప్పుడే మీరు బటన్ అందుకున్నారు. నాలుగో నిమిషానికి నాకు అర్థమైపోయి, “కంప్యూటర్ రాదంటున్నారు నాకు,” అని అందించాను. మీరు ఆగి, కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ సాగించి, ఆ నత్తి గొంతుతోనే అన్నారు: “మా ఆవిడకి కంప్యూటర్ అంటే భయం.” ముప్ఫైనాలుగు నవ్వాడు. నేనూ నవ్వాను, ఎదుటివాళ్ల కోసం.

సాయంత్రం అమ్మాయి ఫోను. పళ్ల డాక్టర్ కనుక దానికి లోకమంతా ఒక దవడ. “చేసెయ్యమ్మా. పాతది అలా వదిలెయ్యడమంటే పుచ్చుపన్ను నోట్లో పెట్టుకు తిరగడమే. అన్నట్టు నీ కింది పన్ను ఎప్పుడు పీకించుకుంటావ్?”

“అది నాతోనే పోతుంది,” అన్నాను.

“అదే నా భయం,” అంది.

మార్చి 4, మంగళవారం

ఇవాళ పధ్నాలుగు.

మార్చి 5, బుధవారం

ఏమీ చెయ్యలేదు. తెర ముందు కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చుని లేచాను. పన్ను లాగుతోంది.

ఈ కంప్యూటర్ ఆపి రెండేళ్లు దాటింది. తెర ఆర్పుతాం కానీ యంత్రం ఆపం. మొదటి ఏడాది ఒకసారి ఆపి ఉన్నప్పుడు మీ కాలు కండ పట్టేసింది. నేను వంటింట్లో. అది లేచి, మీ ప్రోగ్రాం తెరుచుకుని, బటన్ పనిచెయ్యడానికి ఆరు నిమిషాలు. తర్వాత మీరు కూర్చిన మొదటి వాక్యం: “దీన్ని ఎప్పుడూ ఆపకు.” ఆపలేదు. ఈ ఇంట్లో నేను మారు మాట్లాడకుండా పాటించిన మాట అదొక్కటే.

పావురాలు మళ్లీ వచ్చాయి. మీ మంచం పక్క కిటికీలోంచి చూస్తే బాల్కనీ అంతా వాటి రాజ్యమే. పోయిన వేసవిలో ఇంట్లో ఉన్న పాత డిస్కులు తాడుకి గుచ్చి కట్టాను, మెరుపుకి బెదురుతాయని ఎవరో అంటే. పనికిరానివి నేనే స్వయంగా ఏరాను. కడుతుంటే మీరు కూడా బాగుందన్నారు. పావురాలకీ బాగున్నట్టే ఉంది, వాటిలో మొహాలు చూసుకుంటున్నాయి.

మార్చి 6, గురువారం

అమ్మాయి పుట్టినరోజు. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టి మీరు బటన్ వదల్లేదు. నేను తెర చూడలేదు. మీరు చూడనివ్వలేదు, నేను అటు వస్తే ఆపేశారు. నలభై నిమిషాలు.

పదింటికి ఫోను స్పీకర్లో పెట్టాను. “నాన్నా!” అంది. మీరు నొక్కారు.

“నువ్వు పు పు పు ట్టి” అని, కర్‌ర్ మని, ఆగిపోయింది. మళ్లీ నొక్కారు. “నువ్వు పు పు.” మూడోసారి ఉత్త కరకర.

“చిన్నప్పుడు నేను పళ్లూడి ఇలాగే మాట్లాడేదాన్ని,” అంది అమ్మాయి. నవ్వింది. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో విరిగింది, తర్వాత “పేషెంటు వచ్చారు,” అని పెట్టేసింది. పదింటికి దాని క్లినిక్ తెరవదు.

తెర మీద మీ వాక్యం చదివాను. చదివి వినిపిస్తానని దానికి తిరిగి ఫోను చేయబోతే మీరు కళ్లతో వద్దన్నారు. మీ మాట మీ గొంతుతోనే వెళ్లాలి. అది అద్దె గొంతే అయినా.

ఇక ఇలా కుదరదు.

మార్చి 7, శుక్రవారం

చేశాను. ముప్ఫైనాలుగు చెప్పింది చెప్పినట్టే చేశాను. ముందు రెస్టోర్ పాయింట్ పెట్టాను, దానికి ‘మార్చి 7, ముందు’ అని పేరు పెట్టాను. తర్వాత అప్‌డేట్. ఉదయం పదకొండు గంటలకి.

పదకొండున్నరకి మీరు: “మంచినీళ్లు.” గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు, అంత స్పష్టంగా! నేను నీళ్లు తేవడం మరిచిపోయి మళ్లీ అనమన్నాను. అన్నారు. మూడోసారి అడిగితే, మీరు ఒక్క నొక్కుతో వచ్చేలా దాచుకున్న ఆ పాత వాక్యం వదిలారు: “సాక్షిని చెప్పనివ్వండి.” కోర్టులో వకీళ్లు సాక్షి నోట్లో మాటలు పెడుతుంటే జడ్జీ గారు అనేవారని మీరు చెప్పిన మాట. నాకోసమే దాచారు దాన్ని, రోజుకి పదిసార్లు వాడతారు.

అమ్మాయికి ఫోను చేశాం. “నువ్వు పుట్టిన రోజున మీ అమ్మ మొదటిసారి ఒక గంట మాట్లాడలేదు. అందుకు కూడా నీకు కృతజ్ఞతలు.” నలభై నిమిషాలు కష్టపడి కూర్చింది ఇదన్నమాట.

అమ్మాయి ఎంతసేపు నవ్విందో. ఈసారి విరగలేదు.

అంతా అయ్యాక రీస్టార్ట్ చేయమని తెర అడిగింది. ‘తర్వాత’ నొక్కాను. ఆపనని మాట ఇచ్చాను కదా.

మార్చి 8, శనివారం

రెస్టోర్ పాయింట్ పెట్టాను. ఇంత బాగా నడుస్తున్నప్పటి ఆనవాలు ఒకటి ఉండాలి.

మార్చి 9, ఆదివారం

రెస్టోర్ పాయింట్ పెట్టాను.

అమ్మాయి వచ్చింది. మధ్యాహ్నమంతా మీరిద్దరూ కబుర్లు. అది క్లినిక్‌లో ఒకాయన సంగతి చెప్పింది, మత్తు సూది అంటే భయపడి నోరు తెరవనే లేదట. మీరు ఏడు నిమిషాలు తీసుకుని, “మీ అమ్మని పంపు, ఆయన తరఫున తనే తెరుస్తుంది,” అన్నారు. నేను మూడుసార్లు అడ్డు వచ్చాను. మూడుసార్లూ సాక్షిని చెప్పనివ్వమన్నారు. నాకు కోపం రాలేదు. ఈ ఇంట్లో నాకు ఎదురుచెప్పే గొంతు అదొక్కటే అని, అది కూడా లేకపోతే ఇల్లంతా నా ఒక్కదాని మాటే అవుతుందని అనిపించింది. అనిపించినట్టు మీకు చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

రెస్టోర్ పాయింట్. రీస్టార్ట్ అడిగింది. ‘తర్వాత’.

మార్చి 11, మంగళవారం

రెస్టోర్ పాయింట్. చోటు తక్కువగా ఉందని ఏదో అంది, ‘సరే’ నొక్కాను. ముప్ఫైనాలుగుకి ఫోను చేసి మిషన్ బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. “సౌండ్ ఒక్కటే కదా మేడమ్ చేసింది?” అన్నాడు. ఎవరికి ఎవరు పాఠం చెప్పాలో!

మార్చి 12, బుధవారం

రెస్టోర్ పాయింట్. రీస్టార్ట్ ‘తర్వాత’.

మార్చి 13, గురువారం

పొద్దున్న రెస్టోర్ పాయింట్ పెట్టాను.

రెండూ ఇరవైకి కరెంటు పోయింది. యూపీఎస్ ఇరవై నిమిషాలు మోసింది. తర్వాత దాని కీచుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత ఆ గదిలో యంత్రం లోపలి ఫ్యాను హోరు కూడా లేని నిశ్శబ్దం. మీరు నా వైపు చూశారు. “వస్తుంది, వస్తుంది,” అన్నాను.

మూడూ నలభైకి వచ్చింది. యంత్రం లేచింది. ఏవో పనులు ముగిస్తున్నాను, ఆపవద్దు అని తెర మీద చాలాసేపు తిరిగింది. మీ ప్రోగ్రాం తెరుచుకుంది. వెలుగు అక్షరాల మీద నడుస్తోంది. మీరు నొక్కారు.

నడుస్తూనే ఉంది.

మీరు నొక్కారు. అది ఆగలేదు. వైరు తీసి పెట్టాను, వేరే చోట గుచ్చాను, బటన్ తుడిచాను, నా బొటనవేలితో నేను నొక్కాను. ‘తెలియని పరికరం’ అని తెర మూల వచ్చింది. మూడేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకుని!

వెలుగు అ నుంచి చివరిదాకా పోతుంది, మళ్లీ అ దగ్గరికి వస్తుంది. సాయంత్రం ఆరుదాకా మీరు నొక్కుతూనే ఉన్నారు. నేనే చెయ్యి తీసి దుప్పటి కింద పెట్టాను.

మార్చి 14, శుక్రవారం

ముప్ఫైనాలుగు పొద్దున్నే వచ్చాడు. గంటసేపు తెర మీద ఏవేవో తెరిచి చూశాడు. తర్వాత:

“మేడమ్, సౌండ్ ఒక్కటే కదా?”

“ఒక్కటే.”

తెర వైపే చూస్తూ మాట్లాడాడు. నా వైపు తిరగలేదు, అది ఆయన మర్యాద. “ఏడో తారీకు పదకొండింటికి పధ్నాలుగూ మారినట్టు చూపిస్తోంది.”

“అయితే అదే చేసుకుని ఉంటుంది. ఈ కాలపు యంత్రాలు చెప్పాపెట్టకుండా చేస్తాయి కదా.”

“చేస్తాయి మేడమ్,” అన్నాడు మెల్లగా.

సౌండ్‌ది అప్పుడే పట్టిందట. బటన్‌ది రీస్టార్ట్ కోసం కాచుకుందట. “మీరు ఆపలేదు కాబట్టి వారం రోజులు పాత డ్రైవరే నడిచింది. కొత్తది గుమ్మంలో నిలబడి ఉంది. కరెంటు పోయి లేచేసరికి లోపలికొచ్చి కూర్చుంది. దానికి ఈ బటన్ ఎవరో తెలీదు.”

“రెస్టోర్ పాయింట్ ఉంది. ఏడో తారీకుది. పేరు కూడా పెట్టాను.”

ఆయన తెర నా వైపు తిప్పాడు. నాలుగున్నాయి. పది, పదకొండు, పన్నెండు, పదమూడు.

“ఇందులో నాలుగే పడతాయి మేడమ్. చోటు లేకపోతే పాతదాన్ని తోసేసి కొత్తది పెడుతుంది. రోజూ ఎవరు పెట్టారు?”

“ఎవరో జాగ్రత్తపరురాలు,” అన్నాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి. బటన్ చేసిన కంపెనీ రెండేళ్ల కింద మూతపడింది, వెబ్‌సైటు కూడా లేదు. కానీ బటన్‌తోపాటు పెట్టెలో ఒక డిస్కు వచ్చి ఉండాలి. అది దొరికితే పావుగంట పని. దొరక్కపోతే కొత్త బటన్ ఈ పాత ప్రోగ్రాంకి అతకదు. కొత్త కంప్యూటరూ, కొత్త ప్రోగ్రామూ తెప్పించడానికి రెండు నెలలు. మీరు మూడేళ్లుగా దాచుకున్న మాటలేవీ అందులోకి రావు.

పెట్టె దొరికింది. డిస్కు పెట్టుకునే కాగితపు సంచీ దొరికింది. సంచీ ఖాళీ.

ఇదంతా మీ మంచం పక్కనే జరిగింది. మీరు విన్నారు.

మార్చి 15, శనివారం

యంత్రమే చేసుకుంది. ఇలాంటివి జరుగుతుంటాయట.

బీరువాలు, అటక కింది పెట్టెలు, మీ కోర్టు నోటుపుస్తకాలు, నా ల్యాబు రికార్డులు, కుట్టుమిషను సొరుగు. లేదు. మీరు నన్ను చూడటం లేదు, రోజంతా కిటికీ వైపే చూపు. కళ్లలో ఎండ పడుతోందని కర్టెన్ వేశాను. మీరు గట్టిగా కళ్లు మూసుకున్నారు. ఎండ అంత బాధిస్తోంటే ముందే వేసి ఉండవలసింది.

మధ్యాహ్నం వేరే పద్ధతి మొదలుపెట్టాను. మీ అరచేతిలో నా చెయ్యి. నేను అక్షరాలు చదువుతాను, కావలసినది రాగానే మీరు నొక్కాలి. క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస. నొక్కారు. ప. నొక్కారు.

“పాలా? పక్క మార్చనా? పన్నా, నా పన్ను బాగానే ఉంది. పడుకుంటారా? పత్రిక చదవనా?”

మీరు చెయ్యి వదిలేశారు.

మార్చి 16, ఆదివారం

అమ్మాయి వచ్చింది. చెయ్యి అది పట్టుకుంది. ప, అయ్యాక వ.

“పవరా నాన్నా? కరెంటు గురించా?”

“పవర్ కాదే, పావు. పావు గ్లాసు కాఫీ అడుగుతున్నారు,” అన్నాను.

“అమ్మా, నాన్నని చెప్పనియ్యి! నాన్నా, పడుకున్నప్పుడు వంగడం లేదా? వణుకొస్తోందా?”

దీనికి ఈ గుణం ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు. మీరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్లు మూసుకుని, సాయంత్రందాకా తెరవలేదు. సాక్షిని చెప్పనివ్వమని అనడానికి కూడా ఇప్పుడు మీ దగ్గర ఏమీ లేదు.

కాఫీ తెచ్చాను. తాగలేదు.

మార్చి 17, సోమవారం

యంత్రం చేసుకోలేదు.

‘అన్నీ అప్‌డేట్ చెయ్యి’ అని పైన ఒక మీట, కింద ఒక్కొక్కదానికీ ఒక మీట. సౌండ్‌ది ఎక్కడుందో కూడా చూశాను, కింద ఆరోది. అన్నీ నొక్కాను. ముప్ఫై ఏళ్లు ఎర్ర సిరా పట్టుకు తిరిగినదాన్ని, ఎర్ర చుక్కలో పధ్నాలుగు తప్పులుంటే ఒకటి దిద్ది పదమూడు వదిలెయ్యడం చేతకాలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు. ఉందని రాయడానికి రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఆ మాట తెలియనందుకు ఒక కుర్రాడిని ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టాను. నేను పధ్నాలుగు మార్చాను. పైగా జాగ్రత్త కోసం రోజుకొకటి ఆనవాలు పెట్టి, తిరిగి వెళ్లే దారిని నా చేతులతోనే తోసేశాను.

మీకు చెప్పలేదు. చెబితే మీరు ఏమంటారో వినే దారి లేదు. అందుకని చెప్పలేదనుకుందాం.

మార్చి 18, మంగళవారం

పన్ను వాచింది. చెంప నారింజకాయ. మీరు చూసి నవ్వారనుకుంటాను. నవ్వో కాదో అడగలేదు.

మార్చి 19, బుధవారం

పొద్దున్న అమ్మాయి క్లినిక్‌కి పిలిపించి పన్ను పీకేసింది. తన నర్సుని పంపి మీ దగ్గర కూర్చోబెట్టింది. దూది కుక్కి, “గంటసేపు గట్టిగా కొరికి పట్టుకో. నోరు తెరిచావో రక్తం ఆగదు. ఒక్క మాట కూడా వద్దు,” అంది. తర్వాత తనలో తాను, “నాన్న అదృష్టవంతుడు,” అంది. విన్నాను, జవాబు చెప్పడానికి లేదు.

ఇంటికి వచ్చి నర్సుని పంపేసి మీ పక్కన కూర్చున్నాను. అక్షరాలు చదవలేను. క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి వరసలు రాశాను, పక్కన గుణింతాలు. ఒక చేత్తో చూపించడం, రెండో చెయ్యి మీ అరచేతిలో.

పా. నా నోరు ఖాళీగా ఉంటే ‘పాలా’ అనేది. దూది కొరికాను.

వు. ‘పావు గ్లాసు’ అని నాలుక చివరిదాకా వచ్చింది. రక్తం రుచి తగిలింది.

రా. పావురాలు గోల చేస్తున్నాయన్నమాట, తోలేద్దామని లేవబోయాను. మీరు నా చెయ్యి వదల్లేదు. ఆ బొటనవేలిలో అంత బలం ఉందని నాకు తెలియదు. కూర్చున్నాను.

ల. తా. డు.

అయిపోయిందనుకున్నాను. మీరు ఇంకా నొక్కుతున్నారు. మూ. డో. ది.

గోడ గడియారం చూశాను. ఇరవై అయిదు నిమిషాలు. ఈ మూడేళ్లలో మీరు మొదలుపెట్టిన మాట చివరిదాకా నేను అందించకుండా విన్నది ఇదే మొదటిసారి.

లేచి కర్టెన్ తీశాను. తాడు మీద పదకొండు డిస్కులు. ఎడమనుంచి మూడోదాని మీద, వెలిసిపోయి, పావురాల రెట్ట కింద, ఇంకా కనిపిస్తోంది బొటనవేలి బొమ్మ. మీ బటన్ పెట్టె మీద ఉండే బొమ్మ.

మీకు మొదటినుంచీ తెలుసు. పోయిన వేసవిలో నేను తాడు కడుతున్నప్పుడు మీరు బటన్ నొక్కుతూనే ఉన్నారు. వెనక్కి తిరిగి, “బాగుందంటున్నారా? అనుకున్నాను,” అని నేనే చెప్పేసి లోపలికి పోయాను. మీరు బాగుందనలేదు. శుక్రవారం నుంచీ కిటికీ వైపే చూశారు, నేను కర్టెన్ వేశాను.

కర్టెన్ దగ్గరే నిలబడ్డాను. మీరు చూస్తున్నారు. గంట ఇంకా కాలేదు, దూది తీశాను. “అన్నీ నొక్కింది నేనే,” అన్నాను. వచ్చి మీ అరచేతిలో నా చెయ్యి పెట్టి కాచుకున్నాను. తర్వాత నొక్కారు, కానీ కాగితం మీద అక్షరం చూపించమని కాదు.

అది పనిచేస్తుందో లేదో తెలియదు. ఏడాది ఎండ, వాన, ముక్కులు. చదవకపోతే రెండు నెలలు. చదివినా ఎన్నాళ్లో. నేను చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. స్టూలెక్కి ఆ డిస్కు తియ్యడం కూడా ఇప్పుడు నా మోకాళ్లకి చేతకాదు.

అమ్మాయికి పంపవలసిన మెసేజ్, ఇక్కడ చిత్తు రాసుకుంటున్నాను:

రేపు పొద్దున్న క్లినిక్‌కి వెళ్లేముందు ఇటు రా. బాల్కనీ తాడు మీద ఎడమనుంచి మూడో డిస్కు. లాగకు, కత్తెరతో దారం కత్తిరించు, అంచులు మాత్రమే పట్టుకో. తడి గుడ్డతో మధ్యనుంచి బయటికి తుడువు, గుండ్రంగా తుడవకు. కళ్లజోడు గుడ్డలో చుట్టి ముప్ఫైనాలుగు షాపుకి తీసుకెళ్లు. ఒంటిగంటకి భోజనానికి మూసేస్తాడు, ముందే వెళ్లు. చదివితే రెండు కాపీలు తీయమను, ఒకటి ఆయన దగ్గరే ఉంచమను. ఆయనకి ఆ ఒక్క మార్కు నేను బాకీ ఉన్నానని చెప్పు. ఎందుకో అడిగితే అమ్మే వచ్చి చెబుతుందను.

వస్తూ వస్తూ వంటింట్లో పెట్టుకునే చిన్న టైమర్ ఒకటి కొను, మోగేది. షాపులోనే ఏడు నిమిషాలకి తిప్పి పెట్టి, మోగేదాకా అక్కడే నిలబడి చూడు. ఆ ఏడు నిమిషాలూ నువ్వు కూడా మాట్లాడకు.